సెలవుల చదువు, సంఘానికి బాకీ: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల క్రైస్తవ చరిత్ర నుండి ఒక పరిశీలన

వేసవి వచ్చి తరగతులు ముగియగానే వేదాంత విద్యార్థులు పెట్టెలు సర్దుకొని స్వగ్రామాలకు బయలుదేరుతారు. ఉత్తరాంధ్ర నుండి వచ్చిన విద్యార్థులు పలాసలో, టెక్కలిలో, బొబ్బిలిలో, సాలూరులో, చీపురుపల్లిలో దిగి ఇళ్ళకు చేరుకుంటారు. వెళ్ళే ముందు గురువులు అడిగే ప్రశ్న ఒకటే: "ఈ సెలవుల్లో ఏమి చదువుతావు?" విద్యార్థి నాలుగు వ్యాఖ్యాన గ్రంథాల పేర్లు చెబుతాడు. జూన్‌లో తిరిగి వచ్చేటప్పటికి వాటిలో ఒకటి సగం వరకు చదివి ఉంటాడు. మేము కూడా ఒకప్పుడు అలాగే చెప్పాము, అలాగే తిరిగి వచ్చాము. కనుక ఈ మాట ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు.

ఏ పుస్తకం చదవాలి అనే ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న ఉన్నదని మా అభిప్రాయం. చదవడం అనే పని మన ప్రాంతపు సంఘంలోనికి ఎలా వచ్చింది? ఎవరు చదివారు? ఎవరు విన్నారు? ఈ చరిత్రను కొంత పరిశీలిస్తే, సెలవుల చదువు విద్యార్థి సొంత వ్యవహారం కాదనీ, చదివినవాడు విన్నవారికి బాకీపడి ఉన్నాడనీ తెలుస్తుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇంతే.

1. సంఘానికి ముందు వచ్చిన గ్రంథం

తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు తెలుగుదేశంలో అచ్చుకాలేదు. మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ స్వదేశానికి తిరిగి వెళ్ళిన తరువాత, జర్మనీలోని హాలే నగరంలో 1746 నుండి కొన్ని చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకాలను అచ్చువేయించాడు. ఆయన బైబిలు భాగాలను కూడా తెలుగులోనికి అనువదించాడు గాని, ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు.

మన ఉత్తర కోస్తాలో ఈ పని 1805లో మొదలైంది. ఆ సంవత్సరం లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు విశాఖపట్నం చేరారు. వారు బడి పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు, సువార్తలను అనువదించడం మొదలుపెట్టారు. తమిళదేశం నుండి వచ్చిన ఆనందరాయర్ అనే క్రైస్తవ బ్రాహ్మణుడు వారికి కుడిభుజంగా నిలిచాడు. కాని కాలం వారికి కలిసిరాలేదు. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో మరణించారు. డి గ్రాంజెస్ అనువదించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. తాను అనువదించిన పుస్తకాన్ని ఆయన చేత్తో పట్టుకోలేదు. తరువాత విశాఖపట్నం వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన అనువాదం 1818లో మద్రాసులో వెలువడింది. అదే కాలంలో శ్రీరాంపురం నుండి కేరీ బృందం వారి తెలుగు కొత్త నిబంధన కూడా వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ అచ్చుపని అంతా జరుగుతున్న రోజుల్లో మన ప్రాంతంలో చెప్పుకోదగిన తెలుగు సంఘం లేదు. విశాఖ మిషన్ తొలి మూడు దశాబ్దాల్లో క్రీస్తును అంగీకరించినవారు అతి కొద్దిమంది. అంటే ఇక్కడ మొదట గ్రంథం వచ్చింది, సంఘం తరువాత వచ్చింది. ఆరాధించే సమాజం లేకుండానే సువార్త పుస్తకాలు, కరపత్రాలు సంతల్లో, తీర్థాల్లో, రచ్చబండల దగ్గర చేతులు మారుతూ తిరిగాయి. ఎవరి చేతిలో పడితే వారు చదివారు, లేదా చదివించుకొని విన్నారు.

2. చదివి మారినవారు

అలా చదివినవారిలో ముందుగా చెప్పుకోవలసినది పురుషోత్తమ చౌధరిగారి పేరు. ఆయన 1803లో జన్మించాడు. తెలుగు, ఒరియా భాషలు రెండూ వాడుకలో ఉన్న పర్లాకిమిడి, టెక్కలి ప్రాంతంలోని బ్రాహ్మణ కుటుంబం ఆయనది. పర్లాకిమిడి ఈనాడు ఒడిశాలో ఉన్నది. 1936లో ఆ రాష్ట్రం ఏర్పడేవరకు అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో భాగం. చౌధరిగారి చేతికి తెలుగు క్రైస్తవ కరపత్రాలు వచ్చాయి. ఆయన చదివాడు, తర్కించాడు, మిషనరీలను వెదుక్కుంటూ వెళ్ళాడు, 1833లో బాప్తిస్మం పొందాడు. కులం, బంధువులు, పౌరోహిత్యపు గౌరవం అన్నీ ఆ చదువుతో ముడిపడి ఉన్నాయని ఆయనకు తెలియకపోలేదు. తెలిసే చదివాడు.

ఆ తరువాత ఆయన చేసిన పని మరింత ముఖ్యమైనది. తాను కరపత్రం చదివి మారినవాడు కనుక తానే కరపత్రాలు రాశాడు, కులాచారాలను ప్రశ్నించాడు. చదవలేనివారి కోసం కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన కీర్తనలు లేని భాగం వెదకడం కష్టం. 1890లో ఆయన కన్నుమూసేనాటికి ఆ కీర్తనలు తెలుగు సంఘాలన్నిటికీ సొత్తయ్యాయి. చదువుకున్న పండితుడు తన చదువును రాగంలో పెట్టి నిరక్షరుల నోటికి అందించాడు. బాకీ తీర్చడమంటే ఇదే అని మేము భావిస్తున్నాము.

రెండవవారు పులిపాక జగన్నాథంగారు. 1840లో విశాఖపట్నం వచ్చిన జాన్ హే అనే లండన్ మిషన్ పండితుడు అక్కడ ఇంగ్లీషు బడి నడిపాడు, బైబిలు అనువాద సవరణలో జీవితమంతా గడిపాడు. ఆయన బడిలో చదివిన బ్రాహ్మణ విద్యార్థి జగన్నాథం 1840లలో క్రైస్తవుడయ్యాడు. ఊరిలో పెద్ద అలజడి లేచింది. ఆ విద్యార్థే తరువాత ఆ మిషన్‌లో పాదిరిగా అభిషేకం పొంది మన ప్రాంతంలో సేవ చేశాడు. విద్యార్థి దశలో చదివిన చదువు మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో తెలియడానికి ఈ ఒక్క జీవితం చాలును.

3. చదవలేనివారి సంఘం

అయితే ఈ ఇద్దరి కథతో ఆగిపోతే చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది. చౌధరి, జగన్నాథం ఇద్దరూ పుట్టుకతోనే అక్షరం అందిన కులంవారు. మన సంఘాలను నింపినవారు మాత్రం అక్షరం అందనివారు.

లండన్ మిషన్ వారు శ్రీకాకుళంలోను, 1852 నుండి విజయనగరంలోను పనిచేశారు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో పని ఆరంభించారు. అక్కడ వారికి ముందే తంతి శాఖలో ఉద్యోగిగా పనిచేసిన థామస్ గాబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు సొంతంగా సంఘం కట్టి ఉన్నాడు. 1875లో కెనడా తూర్పు తీర రాష్ట్రాల బాప్టిస్టు మిషనరీలు భీమునిపట్నం చేరారు. తరువాతి సంవత్సరాల్లో శ్రీకాకుళం, బొబ్బిలి, పర్లాకిమిడి, విజయనగరం, పాలకొండ, టెక్కలి మొదలైనచోట్ల వారి కేంద్రాలు ఏర్పడ్డాయి. 1880లలో జర్మనీలోని బ్రెక్లుం నుండి వచ్చిన లూథరన్ మిషనరీలు సాలూరు, కొరాపుట్ వైపు పనిచేశారు. ఈ పనివలన సంఘాల్లో చేరినవారిలో అధికులు మాలలు, రెల్లివారు మొదలైన దళితులు. బడి గుమ్మం తొక్కనివ్వని కాలంలో బతికినవారు. కొండల్లో సవరలు, జాతాపుల మధ్య కూడా సంఘాలు ఏర్పడ్డాయి.

వీరు గ్రంథాన్ని ఎలా అందుకున్నారు? చెవితో అందుకున్నారు. ఊరి ఉపాధ్యాయుడు పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, రాత్రి దీపం పెట్టి పెద్దలకు సువార్త చదివి వినిపించాడు. గడప దాటని స్త్రీలకు చదివి వినిపించడానికి బైబిలు స్త్రీలు ఇంటింటికి తిరిగారు. పుస్తకాలు అమ్మే సేవకులు సంచి భుజాన వేసుకొని సంతలో నిలబడి ముందు చదివి వినిపించి, తరువాత కాణీకో అర్ధణాకో సువార్త అమ్మారు. వినేవారు వాక్యాలను కంఠస్థం చేశారు, కీర్తనలను నోటికి నేర్చుకున్నారు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు పుస్తకం తలక్రిందులుగా పట్టుకొని కూడా కీర్తన తప్పులేకుండా పాడగలగడానికి కారణం ఇదే.

లేఖనంలో కూడా చదవడం ఎక్కువగా బిగ్గరగా చేసే పనే. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా జనులందరి ఎదుట ధర్మశాస్త్రం చదివాడు, లేవీయులు దాని అర్థం విడమరచి చెప్పారు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియోపీయుడు రథంలో బిగ్గరగా చదువుకుంటున్నాడు కనుకనే ఫిలిప్పుకు వినబడింది. అతను మౌనంగా చదువుకొని ఉంటే ఆ సంభాషణ ఎలా మొదలయ్యేది?

ఈ విషయం గతించిన కాలానికి మాత్రమే సంబంధించినది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఏడేళ్ళు, అంతకు పైబడిన వయసువారిలో అక్షరాస్యులు శ్రీకాకుళం జిల్లాలో 61.74 శాతం, విజయనగరం జిల్లాలో 58.89 శాతం మాత్రమే. విజయనగరం జిల్లా స్త్రీలలో సగంమంది చదవలేనివారే. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడకముందున్న హద్దుల ప్రకారం ఉన్న అంకెలివి. ఆదివారం మన ముందు కూర్చున్న సంఘంలో ఎందరి ఒడిలో బైబిలు ఉన్నదో చూడడం ఒకటి, ఎందరు దానిని చదవగలరో తెలుసుకోవడం మరొకటి. మన విద్యార్థులలో పలువురు తమ ఇంట్లో మొదటిసారిగా పెద్ద చదువు చదివినవారు. వారి తల్లి విన్నది, వారు చదువుతున్నారు. తల్లికి వారు బాకీ. పౌలు గ్రీసు దేశస్థులకు, గ్రీసు దేశస్థులు కానివారికి తాను ఋణస్థుడనని రోమీయులకు రాసినప్పుడు ఇటువంటి బాకీనే తలచాడని మా నమ్మకం.

4. ఏ భాషలో చదివి వినిపించాలి?

చదివి వినిపించాలంటే భాష ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్నను తెలుగుదేశమంతటికీ నేర్పినది మన ఉత్తరాంధ్రే. గిడుగు వేంకట రామమూర్తిగారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, ఎవరూ లెక్కచేయని సవర భాషను సవరల నోటినుండే నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం వెలువడింది. విజయనగరంలో ఉన్న ఆయన బాల్యమిత్రుడు గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చువేసిన కన్యాశుల్కం నాటకాన్ని జనం మాట్లాడే తెలుగులో రాశారు. ఇద్దరూ కలిసి వాడుక భాష కోసం పోరాడారు.

వారు క్రైస్తవులు కారు. అయినా వేదాంత విద్యార్థి వారిని చదవాలని మేము గట్టిగా చెబుతాము. కన్యాశుల్కంలో వెంకటేశం సెలవులకు ఊరికి వెళ్తాడు. చదువు చెప్పే నెపంతో గిరీశం వెంట వెళ్తాడు. నోరు తిరగని ఇంగ్లీషు మాటలతో ఇంటిల్లిపాదినీ బెదరగొట్టే గిరీశాన్ని చూసి నవ్వుకున్న తరువాత, సెలవులకు వెళ్ళి ప్రసంగపీఠం మీద గ్రీకు, ఇంగ్లీషు పదాలు గుప్పించే వేదాంత విద్యార్థి ఒక్కసారి తనను తాను చూసుకోవాలి.

ఒక విద్యార్థి తన అనుభవాన్ని మాతో చెప్పాడు. సెలవుల్లో ఇంటి అరుగు మీద కూర్చొని లూకా సువార్త 15వ అధ్యాయం చదువుతుంటే, చేటలో బియ్యం ఏరుకుంటున్న నాయనమ్మ, "ఏటి బాబూ ఆ ముక్క? మళ్ళా సదువు" అన్నది. అతను మళ్ళీ చదివాడు. ఆమెకు అర్థంకానిది ఒక్క మాట, ఆస్తిని దుర్వ్యయం చేయడం గురించినది. అతను తన మాటల్లో చెప్పాడు. అప్పుడామె తన తమ్ముడు భూమి అమ్ముకొని రంగూను పోయి తిరిగిరాని సంగతి చెప్పింది. తరగతిలో ఆ అధ్యాయం మీద అతను రాసుకున్న నోట్సులో ఆ సంగతి లేదు. మన జిల్లాల ఇళ్ళల్లో ఎన్నిటిలో అటువంటి రంగూను కథ ఉన్నదో ఆలోచిస్తే, ఆ ఉపమానాన్ని ఇక్కడ ఎలా బోధించాలో తెలుస్తుంది.

5. రాయబడని పేర్లు

చరిత్ర చదవదలచిన విద్యార్థికి ఆధారాలు లేకపోలేదు. డి. ఎఫ్. కార్మైకేల్ 1869లో, డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1907లో విశాఖపట్నం జిల్లా గురించి రాసిన ప్రభుత్వ గ్రంథాలు ఉన్నాయి. నేటి విజయనగరం జిల్లా అంతా అప్పటి విశాఖపట్నం జిల్లాలోనిదే. కీర్తనలలోని భక్తి వేదాంతం మీద ఆర్. ఆర్. సుందరరావుగారు 1983లో ప్రచురించిన పరిశోధన ఉన్నది. సవరలు బాప్టిస్టులుగా మారిన విధాన్ని దశాబ్దాలపాటు వారి మధ్య మసలి పరిశీలించిన మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ 2017లో ప్రచురించిన గ్రంథం ఉన్నది. అది పాదిరులకు సుఖంగా ఉండే పుస్తకం కాదు. పాత ఆచారాలు వదిలినప్పుడు మనుష్యులు ఏమి పొందారో, ఏమి పోగొట్టుకున్నారో రెండూ అడుగుతుంది. అందుకే చదవాలి.

మిషన్ నివేదికలు కూడా ఉన్నాయి. అయితే వాటిని చదివే పద్ధతి తెలియాలి. అవి స్వదేశంలో చందాలు ఇచ్చేవారి కోసం రాసినవి. మిషనరీ పేరు, ఆయన గుర్రం, ఆయన జ్వరం అన్నీ కనబడతాయి. పక్కన నడిచిన తెలుగు బోధకుడు తరచు "దేశీయ సహాయకుడు" మాత్రమే. చదివి వినిపించిన స్త్రీ "ఒక బైబిలు స్త్రీ" మాత్రమే. ఆ పేర్లు ఎక్కడ దొరుకుతాయి? గ్రామ సంఘాల బాప్తిస్మపు రిజిస్టర్లలో, మినిట్సు పుస్తకాల్లో, సమాధుల రాళ్ళమీద, ముసలివారి జ్ఞాపకాల్లో దొరుకుతాయి. రిజిస్టర్లను చెదలు తింటున్నాయి. కొత్త మందిరం కట్టేటప్పుడు పాత రాళ్ళు పునాదిలోకి పోతున్నాయి. ముసలివారు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఒక గ్రామ సంఘంలో మేము పాత రిజిస్టరు చూడాలని అడిగినప్పుడు, పెద్దలు బీరువా తెరిచారు. రిజిస్టరు ఉన్నది, కాని సగం వరకు మట్టి అయిపోయింది. మిగిలిన సగంలో ఒక పెద్దాయన తన తాతగారి పేరు చూసుకొని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈయన సదువుకోలేదు బాబూ, వేలిముద్రే" అన్నాడు. 2 రాజులు 22లో మందిరం బాగుచేయిస్తుండగా ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. మన మందిరాలు బాగుచేయించేటప్పుడు మనకు దొరకవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. ఎవరైనా వెదికితేనే దొరుకుతాయి.

తమ ముత్తాతలు దేనికోసం క్రైస్తవులయ్యారని ఎవరైనా అడిగినప్పుడు మన యువకులు తడబడుతున్నారు. గంజి కోసమని, బట్టల కోసమని ఇతరులు చెప్పిన జవాబే వారికి తెలుసు. కరువులో ఆకలి తీర్చినవారిని ఆశ్రయించినవారు ఉన్నారు. అది దాచవలసిన సంగతి కాదు, ఆకలి అవమానం కాదు. కాని పుస్తకం విని, అడిగి, తర్కించి, వెలివేతకు సిద్ధపడి వచ్చినవారు కూడా ఉన్నారు. వారి పేర్లు తెలియకపోతే వారి తరపున జవాబు చెప్పేవారు ఉండరు.

6. సెలవులకు ఒక క్రమం

పై చరిత్రను బట్టి విద్యార్థులకు మూడు పనులు సూచిస్తున్నాము. ఇవి ఖర్చులేనివి, పెద్ద గ్రంథాలయం అవసరంలేనివి.

మొదటిది, ఒక సువార్తను ఆదినుండి అంతంవరకు ఇంట్లో బిగ్గరగా చదవాలి. డి గ్రాంజెస్ అనువదించిన మూడింటిలో ఒకటైన మార్కు సువార్త పదహారు అధ్యాయాలే. రోజుకొక అధ్యాయం చదివితే మామిడిపళ్ళ కాలం ముగియకముందే పూర్తవుతుంది. చదవలేనివారు ఒకరైనా వింటూ ఉండాలి. వారు ఎక్కడ ఆపారో, ఏ మాట అడిగారో రాసుకోవాలి. అదే ఆ విద్యార్థి రాయబోయే మొదటి వ్యాఖ్యానం.

రెండవది, పది కీర్తనలు ఎంచుకొని వాటిని రాసినవారెవరో, ఏ కాలంవారో తెలుసుకోవాలి. ఆదివారం కీర్తన పాడే ముందు ఆ కవి గురించి రెండు మాటలు చెప్పాలి. తమ పక్క తాలూకావాడే ఈ కీర్తన కట్టాడని తెలిసినప్పుడు సంఘం పాడే తీరు మారుతుంది.

మూడవది, సంఘంలో అతి వృద్ధులైన ముగ్గురి దగ్గర కూర్చొని తమకు మొదట వాక్యం చదివి వినిపించినది ఎవరో అడగాలి. పేరు, ఊరు, కాలం వారి మాటల్లోనే రాయాలి. రిజిస్టరు ఉంటే పాదిరిగారి అనుమతితో ప్రతి పుట ఫొటో తీసి, ఒక ప్రతి సంఘానికి, ఒక ప్రతి కళాశాల గ్రంథాలయానికి ఇవ్వాలి. చెన్నపట్నం, హైదరాబాదు వలసపోయినవారు పెళ్ళిళ్ళకు, గ్రామోత్సవాలకు ఊరికి వచ్చేది కూడా వేసవిలోనే. ఒక కుటుంబపు జ్ఞాపకాలన్నీ ఒకచోట దొరికే కాలం మరొకటి లేదు.

పాదిరిగార్లకు ఒక మనవి. సెలవులకు వచ్చిన విద్యార్థిని ప్రసంగం చేయమని పిలవడం మంచిదే. దానికంటే ముందు అతన్ని ఏ ఇంట్లో చదివి వినిపించమంటారో ఆలోచించండి. చూపు మందగించిన పెద్దలు, మంచం పట్టిన విశ్వాసులు ప్రతి సంఘంలోను ఉన్నారు.

పౌలు చెరసాలలో ఉండి తిమోతికి రాసిన చివరి పత్రికలో పుస్తకాలను, విశేషంగా చర్మపు కాగితాలను తీసుకొనిరమ్మని కోరాడు. మరణం సమీపించినవాడు కూడా చదవాలని కోరుకున్నాడు. మన ప్రాంతంలో గ్రంథాన్ని తెచ్చినవారిలో కొందరు అది అచ్చుకాకముందే పోయారు. దానిని విన్నవారిలో అధికులు ఒక్క అక్షరం చదవకుండానే పోయారు. ఆ ఇద్దరి మధ్య నిలబడి చదివి వినిపించినవారివలన సంఘం నిలిచింది. ఈ వేసవిలో అరుగు మీద పుస్తకం తెరిచే విద్యార్థి వారి వరుసలోనివాడే. అతను గొంతు విప్పి చదువుతాడని మా ఆశ, ప్రార్థన.